లక్క లేని పెట్టె

మొదటి రోజు. మిగిలింది: 90 గజాలు

దీపాల గది పుస్తకంలో దీపాల లెక్క తప్ప ఇంకేదీ రాయకూడదని రూలు. ముప్పై ఏళ్ళుగా ఆ రూలు పాటించాను. ఈరోజు నుంచి పాటించను. పుస్తకం నాది, గది నాది, కోపమూ నాదే.

పొద్దుటి షిఫ్టు వాళ్ళకు దీపాలు ఇచ్చి కూర్చున్నానో లేదో, పైపు మోగింది. మా చల్లబాయికీ పక్కనున్న ఎర్రబాయికీ మధ్య దారి కూలిపోయి ఆరేళ్ళయింది. వాళ్ళు పైకి వెళ్ళే దారి కూడా ఆ రోజే పూడింది. మిగిలింది ఒక పాత నీళ్ళ పైపు. లోపల నలిగిపోయింది, చుక్క నీరు రాదు, కానీ అటు సుత్తితో కొడితే ఇటు వినబడుతుంది. ఒక్కో అక్షరానికి రెండు విడతల దెబ్బలు: మొదటి విడత వర్ణమాలలో వరుస, రెండో విడత ఆ వరుసలో చోటు. నా చెల్లెలు మైసవ్వ, నేను ఆరేళ్ళుగా ఇలాగే మాట్లాడుకుంటున్నాం. పోట్లాడుకోవడం కూడా ఇలాగే. దాని దెబ్బ నాకు దాని గొంతంత తెలుసు.

ఈరోజు ఆ దెబ్బల్లో బలం లేదు.

"అక్కా, గాలిబొక్క పూడుతున్నది. పైనుంచి రాళ్ళు పడుతున్నయి. అరువై రోజులు. ఎక్కువంటె."

పైన నేల మీంచి వాళ్ళ బాయిలోకి గాలి దిగే రంధ్రం అదొక్కటే. పైన ఎండలో మనిషి గంటసేపు కూడా నిలవలేడు. మా తాతలు ఆ ఎండకు తట్టుకోలేకే ఈ పాత బొగ్గు బాయిల్లోకి దిగారు. కాబట్టి పైనుంచి వెళ్ళి బాగుచేసే మాట లేదు. లోపల రెండు వందల పన్నెండు మంది ఉన్నారు. అందులో నా చెల్లెలు ఒకతె.

తవ్వకాలన్నీ చూసే గట్టయ్య సర్దార్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన పాత సర్వే పటం పరిచి, కొలబద్ద పెట్టి, గడ్డం గోక్కున్నాడు.

"రెండు బాయిల నడుమ తొంభై గజాల రాయి ఉన్నది చెల్లె. దినానికి గజం తవ్వుతం."

లెక్క చెప్పడానికి సర్దార్ అక్కర్లేదు. ముప్పై రోజులు తక్కువ.

రెండో రోజు. మిగిలింది: 89

దినానికి గజమే ఎందుకు? ఈ ప్రశ్న నేను రాత్రంతా నమిలాను. రాయి గట్టిదని కాదు, మనుషులు సోమరులనీ కాదు. ఒక విడత పేల్చాలంటే ముందు రాతి ముఖం మీద సొరంగం ఆకారం గీయాలి, ఆ ఆకారంలో పేలుడు మందు దట్టే ఇరవై నాలుగు రంధ్రాలకు గుర్తులు పెట్టాలి. దానికి పైకప్పు నుంచి దారాలు వేలాడదీస్తారు, దారాలకు గుండ్లు కడతారు, అవి ఊగడం ఆగేదాకా బీడీ తాగుతారు, తర్వాత సుద్దముక్కతో గీస్తారు. గీశాక దుమ్ము పడి చెరిగిపోతే మళ్ళీ మొదటికి. సగం షిఫ్టు గుర్తులకే పోతుంది.

ఆ గుర్తులు వెలుగుతో పడితే?

అదే అన్నాను గట్టయ్యతో. ఒక పెట్టె. అందులో లేజర్ దీపం. దాని ముందు రెండు చిన్న అద్దాలు. ఒకటి వెలుగును అడ్డంగా కదుపుతుంది, ఒకటి నిలువుగా. కన్ను పట్టలేనంత వేగంగా కదిలిస్తే రాతి మీద పూర్తి బొమ్మ నిలబడుతుంది. దుమ్ము పడ్డా చెరగదు.

"నా చిన్నప్పుడు గసొంటిది ఒకటుండె," అన్నాడు గట్టయ్య. "సచ్చిపోయింది. పూడ్చిపెట్టినం."

అవును, పూడ్చిపెట్టారు. మా బాయిల పద్ధతి అది. ఏ వస్తువు తయారైనా మూత పెట్టి, అతుకుల మీద వేడి లక్క పోసి, చేసినవాళ్ళు బొటనవేలి ముద్ర వేస్తారు. ఆ ముద్ర పగలగొడితే ఆ మనిషి మీద చెయ్యి చేసుకున్నట్టే. ఊరికే పుట్టిన ఆచారం కాదిది. తాతల కాలంలో ఎవడో గాలి యంత్రం విప్పి మూడు మరలు కాజేస్తే పదిహేడు మంది ఊపిరాడక పోయారు. అప్పటి నుంచి లక్క. అందుకే మా దగ్గర వస్తువులకు మరమ్మతు ఉండదు. పుడతాయి, పనిచేస్తాయి, పోతాయి. నేనే రోజుకు ఇరవై దీపాలకు లక్క పోస్తాను. నా బొటనవేలు కాలి కాలి పెంకులా అయిపోయింది.

"నేను చేసే పెట్టెకు లక్క ఉండదు," అన్నాను.

గట్టయ్య నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "లక్క లేకుంట ఎట్ల?"

"నాకు ఇప్పుడు దొరికే దీపం మంచిది కాదు గట్టన్న. పది దినాలకు మాడిపోతది. మాడిన దీపం కోసం పెట్టెనంత పూడ్చిపెట్టి మళ్ళ మొదలువెడితె మా మైసి బతుకుతదా? ఏది పాడైతె అదొక్కటే గుంజి పారేసి, మంచిది దొరికితె అండ్ల దోపాలె. గంతే."

ఆయన అవుననలేదు, కాదనలేదు. పటం చుట్టి చంకలో పెట్టుకున్నాడు. మా సర్దార్‌కు మౌనం అంటే సగం అంగీకారం, సగం మోకాళ్ళ నొప్పి.

ఐదో రోజు. మిగిలింది: 86

పెట్టె ఒళ్ళు తయారైంది. పాత ఇనుప బీరువా నుంచి కోసిన రేకు. లోపల పట్టాల మీద జారే ఐదు సొరుగులు, అన్నీ ఒకే కొలత. మొదటిది కరెంటు సొరుగు, రెండోది వెలుగు సొరుగు, మూడోది అద్దాల సొరుగు, నాలుగోది ఏ అద్దం ఎప్పుడు ఎంత కదలాలో చెప్పే లెక్కల సొరుగు. ప్రతి సొరుగు వెనక ఒకేరకం ప్లగ్గు. ముందు రెండేసి రెక్కల నట్లు, చేత్తో తిప్పితే చాలు, పానా అక్కర్లేదు. తీగలన్నీ కావలసిన దానికంటే రెండింతలు లావువి వేశాను, రేపు పెద్ద దీపం దొరికితే మోయాలి కదా.

అద్దాలు అరగదీసే ఖాజా మియా వచ్చి చూశాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, నాలుక మాత్రం ఇంకా పదునుగానే ఉంది.

"ఐదో సొరుగుల ఏం పెడ్తవ్ ఓదెమ్మా?"

"ఏం పెట్ట. ఖాళీ."

"ఖాళీ ఎందుకు?"

"రేపేం కావాల్నో ఇయ్యాల నాకేం ఎరుక?"

ఖాజా మియా చాలాసేపు నవ్వాడు. "యాభై ఏండ్లు పని జేసిన. ఎరుక లేనిదానికి జాగ ఉంచినోళ్ళను ఇదే సూసుడు."

నాకు చాలా గర్వంగా అనిపించింది. దాచుకోవడం ఎందుకు?

తొమ్మిదో రోజు. మిగిలింది: 82

వెలుగు సొరుగులోకి, లక్క ఆచారం రాకముందు నాటి సర్వే యంత్రం నుంచి ఒక ఎర్ర లేజర్ దొరికింది. లెక్కల సొరుగులోకి పాడైన లిఫ్టు బోర్డు. దానికి నేను నేర్పింది కొంత, అది నాకు నేర్పింది ఎక్కువ.

అద్దాల సొరుగు మాత్రం నా ప్రాణం తీసింది. పాత స్పీకర్లలోని తీగను విప్పి, వెంట్రుకంత సన్నని ఆ తీగను నాలుగు వందల చుట్లు చుట్టి, దాని మీద ఖాజా మియా ఇచ్చిన గోరంత అద్దం అతికించాలి. మూడుసార్లు తెగింది. నాలుగోసారి రెండు అద్దాలూ వణికాయి. దీపాల గది గోడ మీద ఎర్రటి చతురస్రం నిలబడింది. మూలలు ఎంత పదునుగా ఉన్నాయంటే చేత్తో తడిమి చూశాను. యాభై నాలుగేళ్ళ దాన్ని, గోడ ముందు ఎగిరి గంతేశాను.

అద్దాల సొరుగు ఒక్కదానికి లక్క పోశాను. దుమ్ము పడకూడదు కదా. పొయ్యి మీద లక్క ఎలాగూ వేడిగా ఉంది, వేలు దానంతటదే పడింది.

పన్నెండో రోజు. మిగిలింది: 78

పెట్టెను రాతి ముఖానికి పది గజాల వెనక గోడకు బిగించాం. పేల్చేటప్పుడు దాని మీదికి ఇనుప మూత దించుతాం. మీట నొక్కాను. నల్లటి రాతి మీద సొరంగం ఆకారం, దాని లోపల ఇరవై నాలుగు ఎర్ర చుక్కలు, రెప్పపాటులో. డ్రిల్లు పట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి తమ చుక్క దగ్గర నిలబడ్డారు, ఎవరి పీట మీద వాళ్ళు భోజనానికి కూర్చున్నట్టు.

ఈరోజు రెండు గజాలు తవ్వాం.

గట్టయ్య పెట్టె చుట్టూ మూడుసార్లు తిరిగాడు. రెక్కల నట్ల వైపు చూసి మొహం తిప్పుకున్నాడు, ఎవరో స్నానం చేస్తుంటే చూసినట్టు.

ఇరవై ఒకటో రోజు. మిగిలింది: 60

రెండో షిఫ్టు మధ్యలో ఎర్ర దీపం మినుకుమని ఆరిపోయింది. బొమ్మ లేని రాతి ముందు ఇరవై మంది నా వైపు తిరిగారు. "అయిపాయె" అని ఎవరో అన్నారు. చనిపోయినవాళ్ళ ఇంట్లో మాట్లాడే గొంతు అది.

ఖాజా మియా తన సంచి విప్పాడు. అందులో ఆకుపచ్చ లేజర్. ఆయన తాత పెళ్ళి బారాత్‌లో ఆకాశంలోకి కొట్టిన దీపమట. పైన ఊళ్ళున్న రోజుల నాటిది. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటే, "నువ్వు అడగలే ఓదెమ్మా" అన్నాడు. ఈ మనిషిని ఏం చేయాలి?

రెండు నట్లు తిప్పాను. ఎర్రదాన్ని లాగాను, ఆకుపచ్చదాన్ని తోశాను, నట్లు బిగించాను. అటువైపు పొయ్యి మీద చాయ్ పొంగేలోపు రాతి మీద బొమ్మ మళ్ళీ లేచింది. ఈసారి ఆకుపచ్చగా, పదింతలు కాంతిగా. దుమ్ములోంచి కూడా గీత స్పష్టంగా కనబడుతోంది.

మావాళ్ళు అరిచిన అరుపుకు పైకప్పు రాలుతుందేమోనని గట్టయ్య భయపడ్డాడు. మా బాయిలో ఒక వస్తువు చచ్చి మళ్ళీ బతకడం అందరూ ఇదే మొదటిసారి చూడటం.

పైపు మీద మైసికి చెప్పాను. "నీ కండ్లు నెత్తికెక్కుతయి, జర కింద సూసి నడువు" అని కొట్టింది. గాలి తగ్గినా నోరు తగ్గలేదు.

ఇరవై ఏడో రోజు. మిగిలింది: 50

మైసి పొద్దున్నే కొట్టింది. "మీ చప్పుడు పక్కకు పోతున్నది. నిన్న నా తలకు ఎదురుంగ వినవడ్డది. ఇయ్యాల కుడి భుజం దిక్కు."

నమ్మలేదు. గట్టయ్య పాత పద్ధతిలో దారాలు వేలాడదీసి చూశాడు. మైసి మాటే నిజం. పేల్చినప్పుడల్లా గోడ అదిరి పెట్టె వెంట్రుకవాసి పక్కకు తిరుగుతోంది. వెలుగు మాత్రం ఏమీ ఎరగనట్టు తప్పు చోట చక్కటి బొమ్మ వేస్తోంది. అలాగే పోతే ఎర్రబాయిని ఒరుసుకుంటూ దాటిపోయేవాళ్ళం.

"దారం గిట్ల మోసం జెయ్యదు," అన్నాడు గట్టయ్య. ఆ మాట కోసం పదిహేను రోజులుగా ఎదురుచూస్తున్నాడు, పాపం.

ఆయన దారాన్నే అడిగి తీసుకున్నాను. ఒక చిన్న గుండుకు దారం కట్టి, దాని చుట్టూ రాగి ఉంగరం పెట్టి, ఐదో సొరుగులో వేలాడదీశాను. దాని ఎదురుగా వెనక గోడకు ఒక అద్దం ముక్క. పెట్టె ఒరిగితే గుండు ఉంగరాన్ని తాకుతుంది, పక్కకు తిరిగితే ఆ అద్దం నుంచి వెనక్కి వచ్చే వెలుగు తప్పిపోతుంది. ఏది జరిగినా రాతి మీద బొమ్మ పడదు. సరిచేస్తేనే పడుతుంది. లైను దిద్దుకోవడానికి ఒక రోజు పూర్తిగా పోయింది, ఇంక పోదు.

"నీ దారం నా పెట్టెల పడ్డది గట్టన్న," అన్నాను. ఆయన నవ్వలేదు కానీ మీసం కదిలింది.

ముప్పై ఆరో రోజు. మిగిలింది: 34, అనుకున్నాం

ముందు పరీక్షగా వేసిన పొడుగాటి రంధ్రం నుంచి నీళ్ళు చిమ్మాయి. ఎదురుగా పాత తవ్వకం ఒకటి నీళ్ళతో నిండి ఉంది. నేరుగా పోతే అందరం మునుగుతాం. రంధ్రానికి చెక్క మేకు కొట్టి ఆపారు.

పక్కకు తిరిగి చుట్టి పోవాలి. మరో ఆరు గజాలు కలుస్తాయి. మొత్తం నలభై. దినానికి రెండు గజాల చొప్పున ఇరవై రోజులు, పెట్టెను కొత్త దారికి తిప్పి బిగించడానికి ఇంకో రెండు. మైసి చెప్పిన అరవైకి సరిగ్గా రెండు రోజులు ముందు.

ముప్పై ఏడో రోజు. మిగిలింది: 40

ఈ పేజీ రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను.

సొరంగం వంపు తిరిగాక పెట్టెను పది గజాల వెనక పెట్టడం కుదరదు, వంపు అడ్డం వస్తుంది. రాతికి నాలుగు గజాల దూరంలోనే పెట్టాలి. అంత దగ్గర నుంచి పూర్తి ఆకారం గీయాలంటే అద్దాలు ఇప్పుడు కదిలే దానికంటే రెండింతలు కదలాలి. అంత కదలకుండా వాటిని ఆపుతున్నది ఒక చిన్న మర. మరను కాస్త వెనక్కి తిప్పి, మెత్తటి స్ప్రింగు వేస్తే చాలు. గంట పని.

ఆ మర లక్క లోపల ఉంది. నా లక్క. నా వేలిముద్ర.

ఊరందరికీ నీతులు చెప్పాను. లక్క లేని పెట్టె అని డప్పు కొట్టుకున్నాను. తీరా నేను చేసిన వాటిలో అన్నిటికంటే అందమైనదాన్ని, ఎవరూ ముట్టుకోకూడదని, మూసి ముద్ర వేసుకున్నాను. దుమ్ము పడకూడదని రాశాను కదా ఈ పుస్తకంలో, అది అబద్ధం. దుమ్ముకు గుడ్డ చాలు. గురివింద గింజ తన కింద నలుపెరుగదని ఊరికే అన్నారా?

కొత్త అద్దాల సొరుగు చేయాలంటే తొమ్మిది రోజులు. మైసికి ఉన్న మిగులు రెండు రోజులు. దారాలతో గుర్తులు పెట్టుకుంటూ పోతే నలభై రోజులు.

ముద్ర పగలగొట్టాలంటే రూలు ఉంది. వేరేవాళ్ళ ముద్ర పగలగొడితే నేరం. తన ముద్ర తానే పగలగొడితే, అది తన పని తప్పని ఒప్పుకున్నట్టు. అలాంటివాళ్ళకు వేలి హక్కు పోతుంది. ఇక జీవితంలో ఏ వస్తువుకూ లక్క పోయకూడదు. లక్క లేని దీపాన్ని ఎవరు తీసుకుంటారు? అంటే దీపాల గది కూడా పోతుంది. ముప్పై ఏళ్ళ గది.

గట్టయ్యకు చెప్పాను.

"చెల్లె, నువ్వు పగలగొడితె నేను సూడాలె. సూసినంక రూలు చెప్పక తప్పదు. సర్దార్‌ను."

"ఎరుకే గట్టన్న."

"రేపటిదాక ఆలోచన జెయ్యి."

ఆలోచించడానికి ఏముంది? చెల్లెలా, వేలా?

ముప్పై ఎనిమిదో రోజు. మిగిలింది: 40

అందరూ దీపాల గదిలోకి వచ్చారు. పెట్టెను బల్ల మీద పెట్టి అద్దాల సొరుగు లాగాను. అందరికీ కనబడేలా పైకి ఎత్తాను. "ఇది నా వేలు," అన్నాను. పగలగొట్టేముందు అలా అనాలని రూల్లో ఎక్కడా లేదు. అనాలనిపించింది.

సుత్తితో కొడితే తీగ తెగుతుంది. అందుకే వేడి ఇనుప చువ్వతో లక్కను అంచు నుంచి కొద్దికొద్దిగా కరిగిస్తూ పోయాను. ఖాజా మియా వచ్చి నా మణికట్టును కింద నుంచి పట్టుకున్నాడు. నా వేలిముద్ర మెత్తబడి, సాగి, బల్ల మీద బొట్టుగా జారింది. గదిలో ఎవరో వెక్కారు. నేనే అని తర్వాత తెలిసింది.

గట్టయ్య అంతసేపూ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. "సర్దార్ సూడాలె గదా" అని ఎవరో గొణిగితే, "సూస్తున్న, సూస్తున్న. గోడకు చెమ్మ ఎక్కింది, అది గూడ సూడాల్నా వద్దా?" అన్నాడు.

తీగ తెగలేదు. మర తిరిగింది. పాత గడియారం నుంచి తీసిన స్ప్రింగు సరిపోయింది. మధ్యాహ్నం షిఫ్టుకు పెట్టెను వంపులో బిగించాం. నాలుగు గజాల దూరం నుంచి, వంకర కోణం నుంచి, ఆకుపచ్చ బొమ్మ రాతి మీద నిండుగా పరుచుకుంది. ఒక్క మూల కూడా వంకర లేదు.

దుమ్ము పడకుండా అద్దాల సొరుగుకు గుడ్డ కట్టాను. గుడ్డకు ముడి వేశాను. ముడి ఎవరైనా విప్పవచ్చు.

నలభై ఎనిమిదో రోజు. మిగిలింది: 20

మైసి దెబ్బలు తగ్గాయి. రోజుకు రెండు మాటలు. ఈరోజు "తలనొప్పి" అని ఒక్కటే. పిల్లలను పడుకోబెట్టే ఉంచుతున్నారట, గాలి తక్కువ ఖర్చవుతుందని.

మేము మాత్రం ఆగలేదు. లెక్కల సొరుగు తీసి ఖాజా మియా మనవరాలు తెచ్చిన కొత్త బోర్డు పెట్టాం, వంపు తిరిగినకొద్దీ బొమ్మ దానంతటదే సర్దుకుంటోంది. కరెంటు సొరుగు కూడా మార్చాం. మొదటి రోజు పెట్టెలో మిగిలింది ఇప్పుడు రేకు, అద్దాలు మాత్రమే. అయినా అదే పెట్టె. డ్రిల్లు వేసేవాళ్ళలో ఒకడు నన్ను అడగకుండానే నట్లు తిప్పి సొరుగు లాగి దుమ్ము దులిపాడు. నెల కిందట వాడే దాన్ని ముట్టుకోవడానికి చేతులు కడుక్కునేవాడు.

యాభై ఏడో రోజు. మిగిలింది: 2

పేల్చడం ఆపేశాం. ఇక చేతి పనే. అటువైపు గోడను వాళ్ళు రాయితో కొడుతుంటే ఇటు చెవి ఆనిస్తే వినబడుతోంది. పైపు కాదు, రాయి. ఆ దెబ్బలు మైసివి కావు. మైసిని అడిగితే జవాబు రాలేదు.

ఈరోజు నేను ఏమీ తినలేదు.

యాభై ఎనిమిదో రోజు. మిగిలింది: ఏమీ లేదు

డ్రిల్లు కడ్డీ ఒక్కసారిగా తేలికైంది. ఇటు నుంచి తోస్తున్నవాడు ముందుకు పడబోయాడు. కడ్డీని అటు నుంచి ఎవరో పట్టుకుని లాగారు.

వేలెడంత రంధ్రం. మా వైపు దుమ్మంతా దారంలా సాగి ఆ రంధ్రంలోకి పోవడం అందరం చూశాం. గాలి పోతోంది. మా గాలి వాళ్ళ దగ్గరికి పోతోంది. గట్టయ్య మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు, ఆ మోకాళ్ళే రోజూ నొప్పి అంటాడు.

నాలుగు గంటల్లో మనిషి దూరేంత అయింది. మేం గీసుకున్న నడిమి గీతకూ వాళ్ళ గోడ మీద పెట్టుకున్న గుర్తుకూ తేడా నాలుగు వేళ్ళు. తొంభై ఆరు గజాల దారి, నడుమ ఒక వంపు, నాలుగు వేళ్ళు! ఈ మాట నేను చచ్చేదాకా చెబుతాను, వినేవాళ్ళకు విసుగొచ్చినా చెబుతాను.

ముందు పిల్లలను అందించారు. తర్వాత ముసలివాళ్ళను. ఆ తర్వాత ఇద్దరు పట్టుకుని ఒక సన్నటి, జుట్టు నెరిసిన ఆడమనిషిని తెచ్చారు. గుర్తుపట్టలేదు నేను. ఆమె నన్ను చూసి గోడకు ఆనుకుని నిలబడింది.

"ఏమే, అట్ల సూస్తవేంది?" అంది. "గంత లావైనవ్, నేనే గుర్తువట్టలే."

దాన్ని పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో తెలియదు. దాని వీపు ఎముకలు నా చేతికి తగిలాయి. గాలి పీల్చినప్పుడల్లా ఆ ఎముకలు కదులుతున్నాయి. కదలనీ అని పట్టుకునే ఉన్నాను.

రెండు వందల పన్నెండు మంది. ఒక్కరూ తగ్గలేదు.

అరవయ్యో రోజు

ఈరోజు రెండు బాయిల వాళ్ళూ కలిసి కూర్చున్నారు. అన్నం అయ్యాక గట్టయ్య లేచి నిలబడ్డాడు. ఈరోజు ఆయన సర్దార్ తలపాగా చుట్టుకుని వచ్చాడు. నాకు అర్థమైంది. నేనూ లేచి నిలబడ్డాను. మైసికి ఏమీ తెలియదు, నా కొంగు పట్టుకుని కిందికి లాగింది.

"ఓదెమ్మ తన ముద్రను తనే పగలగొట్టింది," అన్నాడు గట్టయ్య. "అందరు సూసిన్రు. నేను గూడ సూసిన, గోడ మీదంగ సూసిన. రూలు రూలే. ఇయ్యాల్టి నుంచి ఓదెమ్మకు వేలి హక్కు లేదు."

మైసి నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. అటువైపు నుంచి వచ్చినవాళ్ళు గుసగుసలాడారు. నేను దీపాల గది తాళం నడుం నుంచి తీసి చేత్తో పట్టుకున్నాను. దాన్ని ఇచ్చేయాలి కదా.

గట్టయ్య తాళం వైపు చూసి చెయ్యి అడ్డంగా ఊపాడు.

"నేను చెప్పుడు ఇంక అయిపోలే. రూల్ల ఏమున్నది? ముద్ర పగలగొట్టినోళ్ళు ఇగ దేనికి లక్క పెట్టొద్దు అని ఉన్నది. వాళ్ళు పని జెయ్యొద్దని లేదు, వాళ్ళ పని ఎవలు వాడొద్దని లేదు. గది ఓదెమ్మదే. ఆమె దీపాలు జేస్తది, పెట్టెలు జేస్తది. ఒక్కదానికి లక్క వడొద్దు. అన్ని తెరిసే ఉండాలె. ఎవలకు అక్కెర వడితె వాళ్ళు విప్పుకోవచ్చు, సక్కవెట్టుకోవచ్చు, మంచిది దొరికితె మార్చుకోవచ్చు. ఇదే శిక్ష. బతికినన్ని దినాలు అనుభవించాలె."

మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా చెప్పాడు మహానుభావుడు. ముందు ఖాజా మియాకు అర్థమైంది. ఆయన నవ్వు మొదలుపెట్టాడు, పక్కవాళ్ళు అందుకున్నారు, తర్వాత రెండు బాయిలూ నవ్వాయి. నేను తాళం పట్టుకుని నిలబడే ఉన్నాను. నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు.

మైసి లేచి నెమ్మదిగా పెట్టె దగ్గరికి నడిచింది. ఆకుపచ్చ వెలుగు గోడ మీద ఖాళీ చతురస్రం వేస్తోంది. మైసి పెట్టె చుట్టూ చూసింది, అతుకుల మీద లక్క కోసం వెతికింది, దొరకలేదు.

"అక్కా, గీ వెలుగు నీలంది పెట్టొచ్చా? మా కాడ ఒకటున్నది."

"పెట్టొచ్చు."

"ఎవలు పెట్టాలె?"

"నువ్వే. రెండు నట్లు తిప్పి గుంజు."

మైసి చేతులు వెనక్కి పెట్టుకుంది. ఇంకొకరి వస్తువు విప్పడం పుట్టి బుద్ధెరిగాక చేయలేదు. నా మొహం చూసింది, గట్టయ్య మొహం చూసింది. ఆయన మళ్ళీ గోడకు చెమ్మ ఉందేమో చూస్తున్నాడు. మైసి నట్టు మీద వేళ్ళు పెట్టింది, తిప్పింది, ఊపిరి నిండా పీల్చి, సొరుగు గుంజింది.